రాఫ్ట్ పునాది కింద ఇన్సులేషన్: ముందు చూడాల్సింది బరువు, తర్వాతే వేడి

ఇంటికి వేసే ఇన్సులేషన్‌లో దాదాపు అంతా తర్వాత మార్చుకోవచ్చు. పైకప్పు మీద ఇంకో పొర వేయవచ్చు, గోడకు బయటి నుంచి బోర్డులు అంటించవచ్చు, కిటికీలు తీసి కొత్తవి బిగించవచ్చు. రాఫ్ట్ పునాది, అంటే ఇల్లంతటి కింద ఒకే పలకలా వేసే కాంక్రీటు స్లాబు, దాని కింద పరిచిన ఇన్సులేషన్ బోర్డును మాత్రం ఎవరూ మార్చలేరు. దాని మీద ఇనుము, కాంక్రీటు, గోడలు, అంతస్తులు, ఇంట్లో సామాను అన్నీ వచ్చి కూర్చుంటాయి. కాంక్రీటు పోసిన రోజు నుంచి ఆ బోర్డు కంటికి కనిపించదు, చేతికి అందదు.

అయినా సొంతంగా ఇల్లు కట్టుకునేవాళ్లు దీన్ని ఎంచుకునేటప్పుడు ముందుగా అడిగేవి రెండే: వేడిని ఎంత ఆపుతుంది, ధర ఎంత. గోడ ఇన్సులేషన్ విషయంలో ఆ ప్రశ్నలు సరిపోతాయి. రాఫ్ట్ కింద సరిపోవు. ఇక్కడ ఆ బోర్డు పునాదిలో ఒక భాగం, ఇల్లంతటినీ మోసే పొర. కాబట్టి బరువు, నీరు, వేడి అనే వరుసలో ఆలోచించాలి. వేడి లెక్క చివరన రావడానికి కారణం ఉంది: డిజైను దశలో మందం పెంచి దాన్ని సరిచేసుకోవచ్చు. మొదటి రెండిట్లో తప్పు జరిగితే మందం పెంచినా ఉపయోగం ఉండదు, ఒక్కోసారి నష్టం ఇంకా పెరుగుతుంది.

అసలు అవసరమా?

నేలలోకి లోతుగా వెళ్లేకొద్దీ ఎండాకాలం, చలికాలం తేడా తగ్గిపోతుంది. పది మీటర్ల లోతుకు వెళ్తే ఉష్ణోగ్రత ఏడాదంతా దాదాపు ఒకేలా ఉంటుంది. అది ఆ ప్రాంతపు వార్షిక సగటు గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. ఈ ఒక్క విషయం తెలిస్తే చాలా సందేహాలు తీరిపోతాయి. వార్షిక సగటు 8 లేదా 10 డిగ్రీలుండే చోట 20 డిగ్రీల్లో ఉంచాల్సిన ఇంటి నుంచి వేడి రాత్రీ పగలూ నేలలోకి జారిపోతూనే ఉంటుంది. అక్కడ ఇన్సులేషన్ తప్పనిసరి. వార్షిక సగటు 26, 27 డిగ్రీలుండే వేడి ప్రాంతంలో నేలకూ గదికీ ఉన్న తేడా చాలా తక్కువ. పైగా ఎండాకాలంలో నేల ఇంటిని కాస్త చల్లబరుస్తుంది కూడా. అలాంటి చోట రాఫ్ట్ మొత్తం కింద మందంగా బోర్డులు పరిస్తే డబ్బు మట్టిలో కలిసినట్లే. ఆ డబ్బును పైకప్పు మీద పెడితే ఫలితం ఎన్నో రెట్లు ఉంటుంది. చల్లని ప్రాంతపు డ్రాయింగులను చూసి వేడి ప్రాంతంలో అలాగే దింపేయడం తరచుగా జరిగే పొరపాటు.

కాబట్టి ఇక్కడి నుంచి చెప్పేది చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచాల్సిన ప్రాంతాల గురించి.

కాంక్రీటు పైన ఎందుకు పరచకూడదు, కిందే ఎందుకు అన్న ప్రశ్న కూడా వస్తుంది. పైన పరిస్తే పని సులువు, బోర్డు మీద బరువూ తక్కువ. కానీ అప్పుడు కాంక్రీటు నేలతో పాటు చల్లగా ఉండిపోతుంది. నేలలోని తేమ దానిలోకి ఎక్కుతుంది. ఆ పైన చెక్క లాంటిది ఉంటే బూజు పడుతుంది. స్వీడన్‌లో నేల మీద వేసిన స్లాబుల్లో ఇలాంటి తేమ నష్టాలు చూశాకే ఇన్సులేషన్‌ను కాంక్రీటు కిందికి దించడం మామూలు పద్ధతి అయింది. కింద ఉన్నప్పుడు స్లాబు ఇంటితో పాటు వెచ్చగా, పొడిగా ఉంటుంది. అంత బరువైన కాంక్రీటు వేడిని దాచుకుని నెమ్మదిగా తిరిగి ఇస్తుంది కూడా. నేలలో వేడినీటి పైపులు వేసుకునేవాళ్లకు ఇది చాలా ఉపయోగం.

ఎంత మందం?

నేల ద్వారా పోయే వేడిని లెక్కగట్టడానికి ఐఎస్ఓ 13370 అనే ప్రమాణం ఉంది. అందులోని ముఖ్యమైన ఆలోచన ఏమిటంటే, ఇంటి కింద ఉన్న మట్టే కొంత ఇన్సులేషన్‌గా పనిచేస్తుంది. ఇల్లు ఎంత పెద్దదైతే మధ్యభాగం నుంచి బయటి గాలి అంత దూరం. అందుకే ఆ లెక్కలో ఇంటి వైశాల్యాన్ని చుట్టుకొలతలో సగంతో భాగిస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాం. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న ఇల్లు, కింద బంకమట్టి. ఇన్సులేషన్ ఏమీ లేకపోతే చదరపు మీటరుకు, ఇంటి లోపలికీ బయటికీ ఉన్న ఒక్కో డిగ్రీ తేడాకు, సుమారు 0.60 వాట్ల వేడి పోతుంది. మామూలు ఈపీఎస్, అంటే అందరూ థర్మోకోల్ అనే తెల్ల బోర్డు, 100 మిల్లీమీటర్లు పరిస్తే అది 0.21కి దిగుతుంది. 200 వేస్తే 0.13. 300 వేస్తే 0.10.

ఈ అంకెలను ఏడాది ఖర్చులోకి మార్చి చూస్తే ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. ఏడాదిలో 200 రోజులు ఇల్లు వేడి చేయాలనీ, ఆ రోజుల్లో లోపలికీ బయటికీ సగటున 15 డిగ్రీల తేడా ఉంటుందనీ అనుకుంటే, మొదటి 100 మిల్లీమీటర్లు ఏడాదికి 2,800 యూనిట్ల వేడిని మిగులుస్తాయి. రెండో 100 మిల్లీమీటర్లు సుమారు 570. మూడో 100 మిల్లీమీటర్లు 260. నాలుగోది వేయాలా అన్న ప్రశ్నకు జవాబు ఈ వరుసలోనే ఉంది. చలి తీవ్రంగా ఉండే చోట, వేడి ఖర్చు ఎక్కువగా ఉండే చోట 300 దాకా వెళ్లడంలో అర్థముంది. మిగతా చోట్ల 200 దగ్గర ఆగి, మిగిలిన డబ్బు, శ్రద్ధ అంచుల మీద పెట్టడం మంచిది. ఆ అంచుల సంగతి తర్వాత వస్తుంది, అది చాలా పెద్ద విషయం.

ఒకే బోర్డు, మూడు అంకెలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. యూరప్ ప్రమాణాల ప్రకారం ఈపీఎస్ బోర్డులను ఈపీఎస్ 70, 100, 150, 200, 250, 300 అంటూ గ్రేడులుగా అమ్ముతారు. ఆ అంకె కిలోపాస్కల్‌లలో బోర్డు బలం. ఒక కిలోపాస్కల్ అంటే చదరపు మీటరు మీద సుమారు 100 కిలోల బరువు. అంటే ఈపీఎస్ 100 చదరపు మీటరుకు 10 టన్నులు మోస్తుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది.

ఆ 100 అనేది ప్రయోగశాలలో బోర్డును నొక్కి, దాని మందంలో పదో వంతు అణిగిపోయినప్పుడు కొలిచిన ఒత్తిడి. 300 మిల్లీమీటర్ల బోర్డు అయితే అప్పటికి అది 30 మిల్లీమీటర్లు అణిగి ఉంటుంది. పునాది కింది బోర్డు అంత అణిగేలా ఎవరూ డిజైన్ చేయరు. కాబట్టి ఆ అంకె గ్రేడులను పోల్చుకోవడానికి మాత్రమే పనికొస్తుంది, డిజైనుకు కాదు.

రెండో అంకె, ఒక్క శాతం అణిగేటప్పటి ఒత్తిడి. ఈపీఎస్ 100కి తయారీదార్లు సాధారణంగా 45 కిలోపాస్కల్‌లు చూపిస్తారు. ఇది నిజానికి కొంత దగ్గర, కానీ ఇదీ కొద్దిసేపు నొక్కి చూసిన పరీక్షే.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది. బరువు మారకపోయినా నురుగు బోర్డు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా అణుగుతూనే ఉంటుంది. ఇంజనీర్లు దీన్ని క్రీప్ అంటారు. ఈపీఎస్ విషయంలో అందరూ పాటించే లెక్క ఏమిటంటే, శాశ్వతంగా ఉండే ఒత్తిడి ఆ గ్రేడు అంకెలో 30 శాతం మించకపోతే 50 ఏళ్లలో అణగడం 2 శాతంలోపే ఉంటుంది. అంటే ఈపీఎస్ 100 మీద నమ్మకంగా వేయగలిగేది 30 కిలోపాస్కల్‌లు మాత్రమే. ఈపీఎస్ 200 మీద 60. ఈపీఎస్ 300 మీద 90. ఒకే బోర్డుకు 100, 45, 30 అని మూడు అంకెలున్నప్పుడు పునాదికి వాడాల్సింది చివరిది. దుకాణంలో వినిపించేది మాత్రం మొదటిదే.

మరి ఇంటి బరువు ఎంత? మధ్యభాగం నుంచి మొదలుపెడదాం. 250 మిల్లీమీటర్ల కాంక్రీటు స్లాబు తన బరువే 6 కిలోపాస్కల్‌ల పైచిలుకు. దానిపై ఫ్లోరింగు, మనుషులు, సామాను కలుపుకున్నా మొత్తం 10 దాటదు. గది మధ్యలో ఈపీఎస్ 70 కూడా సరిపోతుందన్నమాట.

గోడల కింద కథ పూర్తిగా వేరు. రెండంతస్తుల ఇటుక ఇంట్లో, అంతస్తుల బరువు, పైకప్పు బరువు కలిపి బయటి గోడ ఒక్కో మీటరు పొడవుకు 60 కిలోన్యూటన్‌లు, అంటే ఆరు టన్నులు, దించుతోందని అనుకుందాం. గోడ వెడల్పు 250 మిల్లీమీటర్లు. అది స్లాబు అంచునే ఉంది కాబట్టి ఆ బరువు బయటివైపు పరుచుకోవడానికి చోటు లేదు, లోపలివైపు మాత్రమే పరుచుకుంటుంది. 250 మిల్లీమీటర్ల స్లాబు గుండా 45 డిగ్రీల కోణంలో దిగితే అడుగున అర మీటరు వెడల్పు వస్తుంది. ఆరు టన్నులు అర మీటరు మీద అంటే 120 కిలోపాస్కల్‌లు. ఈపీఎస్ 300 కూడా చాలదు.

అదే స్లాబును గట్టిగా, పైనా కిందా తగినంత ఇనుముతో డిజైన్ చేసి, బరువు మీటరు వెడల్పు దాకా పరుచుకునేలా చేస్తే ఒత్తిడి స్లాబు బరువుతో కలిపి 70 లోపుకు దిగుతుంది. అప్పుడు ఈపీఎస్ 250 సరిపోతుంది. చెక్క ఫ్రేము ఇల్లయితే గోడ బరువు ఇందులో సగం కూడా ఉండకపోవచ్చు. కాబట్టి "రాఫ్ట్ కింద ఏ గ్రేడు వాడాలి" అనే ప్రశ్నకు ఒకే జవాబు లేదు. స్లాబు మందం, ఇనుము, గోడ రకం, బోర్డు గ్రేడు అన్నీ ఒకే లెక్కలో భాగాలు. ఇంజనీరు డ్రాయింగు ఇచ్చేశాక ఇంటి యజమాని వెళ్లి బోర్డు ఎంచుకోవడం అనే వరుసే తప్పు. బోర్డు ఎంత మెత్తగా ఉంటుందో తెలియకుండా ఇంజనీరు ఇనుము లెక్క వేయలేరు. రాఫ్ట్‌ను వాళ్లు వేల స్ప్రింగుల మీద కూర్చున్న పలకలా ఊహించి లెక్క వేస్తారు. ఇన్సులేషన్ వచ్చిందంటే ఆ స్ప్రింగులు మెత్తబడతాయి.

స్తంభాలుంటే ఇంకా జాగ్రత్త. ఒక స్తంభం 20 టన్నులు దించుతోందనీ, అది 1.2 మీటర్ల చదరం మీద పరుచుకుంటుందనీ అనుకుంటే ఒత్తిడి 139 కిలోపాస్కల్‌లు. అక్కడ మాత్రం గట్టి బోర్డు పెట్టాల్సి వస్తుంది, లేదా ఆ స్తంభాన్నే డిజైనులో తప్పించుకోవాలి. ఇన్సులేషన్ మీద కూర్చునే ఇంటికి బరువు గోడల మీదుగా సమానంగా దిగే ప్లానే మంచిది.

గోడ కింద ఒక గ్రేడు, మధ్యలో ఇంకో గ్రేడు వేసి డబ్బు మిగుల్చుకోవచ్చా? వేయవచ్చు, చాలా చోట్ల అలాగే చేస్తారు. కానీ చూడాల్సిన లెక్క మొత్తం ఎంత కుంగుతుంది అన్నది కాదు, ఒక చోటికీ ఇంకో చోటికీ తేడా ఎంత అన్నది. 300 మిల్లీమీటర్ల పొర అంచున 2 శాతం అణిగితే 6 మిల్లీమీటర్లు. మధ్యలో దాదాపు ఏమీ అణగకపోతే ఆ తేడా అంతా స్లాబు వంగడంలో కనిపిస్తుంది, ఆపైన గోడల్లో, టైల్సులో పగుళ్లుగా బయటపడుతుంది. ఇన్సులేషన్ మందం పెరిగేకొద్దీ ఈ మిల్లీమీటర్లూ పెరుగుతాయి. వేడి కోసం మందం పెంచేటప్పుడు గ్రేడును మళ్లీ సరిచూసుకోవాలని చెప్పేది ఇందుకే.

భూకంపాలు వచ్చే ప్రాంతాల్లో ఇంకో లెక్క కలుస్తుంది. ఇల్లు పక్కకు ఊగినప్పుడు ఒక అంచున ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. బోర్డుల మధ్య, ప్లాస్టిక్ షీటు దగ్గర జారే అవకాశమూ ఉంది. అలాంటి చోట ఈ పద్ధతిలో పనిచేసిన అనుభవమున్న ఇంజనీరు లేకుండా దీని జోలికి వెళ్లకపోవడమే మేలు.

ఏ పదార్థం?

ఎక్కువ ఇళ్లకు ఈపీఎస్ సరిపోతుంది. ధర తక్కువ, దొరకడం సులువు, చేతిరంపంతో కోయవచ్చు. ఉష్ణవాహకత, అంటే వేడి దాని గుండా ఎంత సులువుగా పోతుందో చెప్పే అంకె (తక్కువైతే మంచిది), మీటరుకు, డిగ్రీకి 0.034 నుంచి 0.038 వాట్లు. గ్రాఫైట్ కలిపిన బూడిదరంగు రకం 0.030 నుంచి 0.032 దాకా వస్తుంది. గ్రేడు పెరిగేకొద్దీ తెల్ల రకంలో ఉష్ణవాహకత కూడా కాస్త మెరుగుపడుతుంది, కాబట్టి గట్టి బోర్డు కొన్నప్పుడు రెండు విధాలా లాభమే.

థర్మోకోల్ లాంటిది నేలలో అన్నేళ్లు ఉంటుందా అనే అనుమానం సహజం. నార్వేలో 1972లోనే మెత్తటి నేల మీద వెళ్లే రోడ్డు కింద పెద్ద పెద్ద ఈపీఎస్ దిమ్మెలు నింపారు. ఆ తర్వాత చాలా దేశాల్లో ఆ పద్ధతి వచ్చింది. ఏళ్ల తర్వాత తవ్వి తీసి పరీక్షించిన దిమ్మెల్లో బలం తగ్గినట్లు కనిపించలేదు. మట్టిలో ఈపీఎస్ కుళ్లదు, చివకదు. దాని శత్రువులు వేరే ఉన్నాయి: పెట్రోలు, డీజిలు, ద్రావకాలు, ద్రావకం కలిసిన తారు పూతలు. ఇవి తగిలితే అది కరిగిపోతుంది. పీవీసీ షీటు నేరుగా తగిలినా కాలక్రమంలో దెబ్బతింటుంది. అందుకే కింద, పైన పాలిథీన్ షీటు వాడాలి.

ఎక్స్‌పీఎస్ అంటే నున్నగా, నీలం, గులాబీ లాంటి రంగుల్లో వచ్చే బోర్డు. ఇదీ పాలిస్టైరీనే, కానీ పూసలుగా కాకుండా ఒకే ముద్దగా పొంగించి తీసినది. దాని లోపలి గదులు పూర్తిగా మూసుకుని ఉంటాయి కాబట్టి నీరు చాలా తక్కువగా పీలుస్తుంది. నీటిలో దీర్ఘకాలం ముంచి చేసే పరీక్షలో మంచి ఎక్స్‌పీఎస్ ఘనపరిమాణంలో 0.7 శాతం లోపే తీసుకుంటుంది, మామూలు ఈపీఎస్ 5 శాతం దాకా వెళ్లవచ్చు. బలం విషయంలోనూ ఇది ముందుంది. 300 గ్రేడు ఎక్స్‌పీఎస్‌కు 50 ఏళ్ల డిజైను ఒత్తిడిగా సాధారణంగా 130 కిలోపాస్కల్‌లు ప్రకటిస్తారు, 500 గ్రేడుకు 180, 700 గ్రేడుకు 250. పైన చూసిన 120 కిలోపాస్కల్‌ల అంచు కింద, 139 కిలోపాస్కల్‌ల స్తంభం కింద ఇదే దారి.

దీనికీ లోటు ఉంది. దాన్ని పొంగించడానికి వాడే వాయువు. కొన్ని ఫ్యాక్టరీలు వాడే హెచ్‌ఎఫ్‌సీ వాయువులు భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా శక్తిమంతమైనవి. శక్తి ఆదా కోసం కొన్న బోర్డే ఆ లాభాన్ని ముందే తినేస్తే అర్థం లేదు. కార్బన్ డయాక్సైడ్‌తో పొంగించిన ఎక్స్‌పీఎస్ కూడా దొరుకుతుంది, దాని ఉష్ణవాహకత కాస్త ఎక్కువ. కొనేటప్పుడు ఈ ప్రశ్న అడగాలి. పాత కట్టడాల నుంచి తీసిన బోర్డులు చౌకగా వస్తున్నాయని తెచ్చుకోవడమూ మంచిది కాదు. వాటిలో మంటను ఆపడానికి కలిపే హెచ్‌బీసీడీ అనే రసాయనం ఉండే అవకాశం ఎక్కువ. 2013లో దాన్ని స్టాక్‌హోం ఒప్పందం నిషేధిత జాబితాలో చేర్చారు.

ఫోమ్ గ్లాస్ బోర్డు అన్నిటికన్నా గట్టిది. గాజును నురుగులా పొంగించి చేస్తారు. 600 కిలోపాస్కల్‌లు, ఆ పైన బలం, క్రీప్ లేదు, నీరు ఎక్కదు, చెదలు తినవు, కాలదు. ధర మాత్రం చాలా ఎక్కువ. పైగా పెళుసు కాబట్టి అడుగున పూర్తిగా చదునైన పరుపు కావాలి. మామూలు ఇంటికి మొత్తం నేల అంతా ఇదే వేయడం అరుదు. గోడ మొదలు దగ్గర వేడి బయటికి పోకుండా ఒక వరుస పెట్టడానికి బాగా ఉపయోగపడుతుంది.

అదే గాజు నురుగు కంకర రూపంలోనూ వస్తుంది, దీన్ని ప్రత్యేకంగా పరిశీలించాలి. తవ్విన గుంతలో, కింది మట్టి కంకరలో కలవకుండా, జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, ఈ కంకర పోసి, కంపాక్టర్‌తో అణగ్గొట్టి, దానిపైనే రాఫ్ట్ వేస్తారు. ఉష్ణవాహకత 0.08 దగ్గర ఉంటుంది, అంటే 200 మిల్లీమీటర్ల ఈపీఎస్ చేసే పనికి దీనికి 450 మిల్లీమీటర్ల దాకా కావాలి. ఆ అంకె చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. కానీ ఇది రాతికంకర పొర స్థానాన్ని కూడా తీసుకుంటుంది. నీరు కింద నుంచి పైకి ఎక్కకుండా ఆపుతుంది, పడ్డ నీటిని కిందికి వదిలేస్తుంది. ఎగుడుదిగుడు నేల ఉన్న చోట, బోర్డులు పరచడానికి నైపుణ్యమున్న మనుషులు లేని చోట ఇది నిజంగా మంచి ఎంపిక. పోశాక ఎంత అణగ్గొట్టారన్నదే దీని బలాన్ని నిర్ణయిస్తుంది కాబట్టి ఆ పని పొరలు పొరలుగా, కొలుచుకుంటూ చేయాలి.

పీఐఆర్ (పాలిఐసోసైనురేట్ అనే గట్టి నురుగు) బోర్డుల ఉష్ణవాహకత 0.022. కాగితం మీద అన్నిటికన్నా మెరుగైనది ఇదే. అయినా రాఫ్ట్ కింద వద్దు. తడి నేలలో దానికి చోటు లేదు. స్లాబు పైన, ఫ్లోరింగు కింద అయితే సరే.

అంచు దగ్గరే ఇల్లు వేడి పోగొట్టుకుంటుంది

పది మీటర్ల చదరపు ఇంటి చుట్టుకొలత 40 మీటర్లు. స్లాబు అంచు బయటి గాలికి తగులుతూ ఉంటే, లేదా గోడ కింద కాంక్రీటు నేరుగా మట్టిలోకి దిగి ఉంటే, అంచులో ఒక్కో మీటరుకు, ఒక్కో డిగ్రీకి అర వాటు అదనంగా పోతుందని అనుకుందాం. అప్పుడు చుట్టూ పోయేది డిగ్రీకి 20 వాట్లు. 200 మిల్లీమీటర్ల ఈపీఎస్ మీద ఉన్న వంద చదరపు మీటర్ల నేల మొత్తం పోగొట్టేది 13 వాట్లు. అంచు ఒక్కటే నేలంతటి కన్నా ఎక్కువ పోగొడుతోంది. మూడో 100 మిల్లీమీటర్లు వేసి మిగుల్చుకునేది 3.6 వాట్లు మాత్రమే అని గుర్తుపెట్టుకుంటే, శ్రద్ధ ఎక్కడ పెట్టాలో వేరే చెప్పాల్సిన పని లేదు.

చేయాల్సింది ఒకటే. నేల కింది ఇన్సులేషన్, స్లాబు అంచు ఇన్సులేషన్, గోడ ఇన్సులేషన్ మూడూ ఎక్కడా తెగకుండా కలవాలి. డ్రాయింగు మీద పెన్సిల్ పెట్టి, ఎత్తకుండా ఆ పొర వెంట గీత గీయగలగాలి. ఎక్కడ పెన్సిల్ ఎత్తాల్సి వస్తే అక్కడ వేడి పోతుంది. దీని కోసమే ఎల్ ఆకారంలో తయారుచేసిన అంచు బోర్డులు వస్తాయి. కాంక్రీటు పోసేటప్పుడు అవే సెంట్రింగ్‌గా కూడా పనిచేస్తాయి. గోడ బరువు స్లాబు మీదే పడాలి, ఆ నిలువు అంచు బోర్డు మీద పడకూడదు. డ్రాయింగు గోడ ముఖాన్ని ఎక్కడ పెట్టిందో ఈ ఒక్క కారణంతోనైనా ఇంకోసారి చూసుకోవాలి.

నేల గడ్డకట్టే ప్రాంతాల్లో ఇంకో విషయం ఉంది. ఇన్సులేషన్ ఇంటి వేడిని నేలలోకి పోనివ్వదు కాబట్టి అంచు కింద మట్టి మునుపటి కన్నా చల్లబడుతుంది. తడి మట్టి గడ్డకట్టి ఉబ్బితే రాఫ్ట్‌ను పైకి ఎత్తేస్తుంది. దానికి పరిష్కారంగా ఇంటి చుట్టూ, నేలలోపల, అడ్డంగా కొంత దూరం దాకా బోర్డులు పరుస్తారు. కింద నీరు నిలవని కంకర ఉంటే సగం సమస్య అక్కడే తీరిపోతుంది. గడ్డకట్టి ఉబ్బడానికి నీరు కావాలి కదా.

వేడి ప్రాంతాలకు దగ్గరయ్యేకొద్దీ చెదలు, చీమలు సమస్య. అవి ఈపీఎస్‌ను, ఎక్స్‌పీఎస్‌ను తినవు గానీ తొలుచుకుంటూ దారి చేసుకుంటాయి. బయటికి కనిపించకుండా గోడలోని చెక్క దాకా వెళ్లిపోతాయి. చెదలను ఆపే బోరేట్ రసాయనం కలిపిన బోర్డులు, అంచు దగ్గర లోహపు జాలీ, నేల మట్టానికి పైన కనీసం ఒక పట్టీ మేర గోడ మొదలు కంటికి కనబడేలా వదలడం, ఇవన్నీ కలిపి వాడాలి. చెదలు తీవ్రంగా ఉన్న చోట ఫోమ్ గ్లాస్ వైపు మొగ్గడమే సరైనది.

సైటులో

మంచి బోర్డు ఎంచుకున్నా దాన్ని మోసే పరుపు చదునుగా లేకపోతే ఫలితం ఉండదు. మట్టి పరీక్ష అయ్యాక, జియోటెక్స్‌టైల్ మీద శుభ్రమైన కంకర పోసి పొరలుగా అణగ్గొట్టి, పైన సన్నకంకర గానీ పీసీసీ (ఇనుము లేని పలుచని కాంక్రీటు) గానీ వేసి సమం చేస్తారు. పొడవాటి బద్దె పెట్టి చూస్తే దాని కింద నాలుగైదు మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ సందు కనబడకూడదు. బోర్డు కింద ఖాళీ ఉంటే ఆ చోట బరువు మోయదు, పక్కవాటి మీద పడుతుంది. లెక్కలో 60 అనుకున్నది అక్కడ 90 అవుతుంది.

మందాన్ని ఒకే బోర్డులో కాకుండా రెండు మూడు పొరల్లో, ఒక పొర అతుకు ఇంకో పొర అతుకు మీద రాకుండా పరచాలి. డ్రైనేజీ పైపులు కంకర పొరలోనే అడ్డంగా వెళ్లి, ఇన్సులేషన్‌ను నిలువుగా మాత్రమే దాటాలి. పైపు కోసం బోర్డు అడుగున పొడవాటి గాడి తీస్తే, ముఖ్యంగా గోడ కింద, ఇంజనీరు లెక్క మొత్తం తప్పిపోతుంది. ఇనుముకు పెట్టే కవర్ బ్లాకులు అడుగు వెడల్పుగా ఉండాలి. మొనదేలినవి ప్లాస్టిక్ షీటును చీల్చి బోర్డులోకి దిగిపోతాయి. అప్పుడు ఇనుము కిందికి జారి కవర్, అంటే దాని కింద ఉండాల్సిన కాంక్రీటు మందం, తగ్గిపోతుంది.

వాన గురించి ముందే ఆలోచించాలి. 300 మిల్లీమీటర్ల ఈపీఎస్ పూర్తిగా నీళ్లలో మునిగితే చదరపు మీటరుకు దాదాపు 300 కిలోల బలంతో పైకి తేలుతుంది. దాని సొంత బరువు ఐదారు కిలోలే. ఒక్క రాత్రి వానకు గుంత నిండి, పరిచిన బోర్డులూ వాటిపై కట్టిన ఇనుమూ కదిలిపోతే మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. 250 మిల్లీమీటర్ల కాంక్రీటు పోశాక ఆ భయం లేదు, దాని బరువు చదరపు మీటరుకు 600 కిలోలు దాటుతుంది. కాబట్టి బోర్డులు పరచడానికీ కాంక్రీటు పోయడానికీ మధ్య రోజులు ఎంత తక్కువైతే అంత మంచిది. గుంతలో నీరు బయటికి పోయే దారి, మోటారు సిద్ధంగా ఉండాలి. బూడిదరంగు బోర్డులను ఎండలో వదిలేస్తే వంకరపోతాయి, నీడలో కప్పి ఉంచాలి.

భూగర్భ జలమట్టం బోర్డుల దాకా వచ్చే చోట మాత్రం ఈపీఎస్ గురించి మర్చిపోవడమే మంచిది. తడిసిన ఇన్సులేషన్ వేడిని ఆపదు. అక్కడ ఎక్స్‌పీఎస్ లేదా ఫోమ్ గ్లాస్, దానితో పాటు సరైన డ్రైనేజీ కావాలి. ఇంకా మంచిది, వీలైతే ఇంటి మట్టాన్నే పైకి లేపడం.

ఇక బోర్డులు లారీలో వచ్చిన రోజు చేయాల్సిన పని ఒకటి ఉంది. ఆర్డరిచ్చిన గ్రేడు స్టాకు లేదనీ, "అదే రకం" ఇంకోటి పంపామనీ సరఫరాదారు చెప్పడం తరచుగా జరిగేదే. ఉష్ణవాహకత ఒకటే ఉండవచ్చు, మందమూ ఒకటే ఉండవచ్చు. దీర్ఘకాలిక బలం వేరుగా ఉంటే అది అదే రకం కాదు. ప్రతి కట్ట మీదా లేబుల్ ఉంటుంది. దాని మీది గ్రేడునూ, 50 ఏళ్ల ఒత్తిడి విలువనూ ఇంజనీరు డ్రాయింగుతో పోల్చి చూడాలి. తేడా ఉంటే దించుకోకముందే ఇంజనీరుకు పంపి, రాతపూర్వకంగా సరే అన్నాకే పరచాలి. మేస్త్రీ మాటా, దుకాణదారు మాటా ఇక్కడ చెల్లవు, ఎందుకంటే ఆ బోర్డు మీద వాళ్లెవరూ లెక్క వేయలేదు. లేబుళ్ల ఫోటోలు, పొరలు పరిచేటప్పటి ఫోటోలు, అంచుల ఫోటోలు తీసి ఇంటి కాగితాలతో పాటు దాచాలి. రేపు పక్కన గది కలపాలన్నా, పైన అంతస్తు వేయాలన్నా వచ్చే ఇంజనీరు మొదట అడిగేది స్లాబు కింద ఏముందనే. కాంక్రీటు కింద ఉన్నదాన్ని తవ్వి చూపించడం కుదరదు, కాగితం చూపించడం కుదురుతుంది.